150 మందికి ఒక నల్లా: హైదరాబాద్ బస్తీల్లో నీళ్ల కథ

ఎండలు ముదిరినా, తొలి వానలు పడినా హైదరాబాద్ బస్తీల నుంచి ఒకే రకం వార్త వస్తుంది. నల్లాలో రంగు మారిన నీళ్లు, వాంతులు, విరేచనాలు, పైపు లీకైందని వివరణ. లీకులు ఏ కాలనీలోనైనా ఉంటాయి. బస్తీలో ఆ లీకు గుండా మురుగు లోపలికి ఎందుకు వస్తుందన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు 1970ల నాటి ఒక కొలమానంలో దొరుకుతుంది.

1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఊరికి నీళ్లు వచ్చాయి గానీ పైపులైన్లు పెద్ద వీధుల దాకే వెళ్లాయి. నాలాల ఒడ్డున, సర్కారు భూముల్లో గుడిసెలు వేసుకున్న కూలీలకు ఇంటి నల్లా అడిగే హక్కే లేదు, పట్టా ఉంటే కదా! 1956లో వచ్చిన మురికివాడల చట్టం కూడా సర్కారు గెజిట్‌కెక్కిన బస్తీలకే పని చేసింది. ఎక్కని బస్తీ బావి మీదో, పక్క కాలనీ దయ మీదో బతకాల్సిందే.

1967లో నగరంలో అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రాజెక్టు మొదలైంది. బస్తీలను ఊడ్చి పారేయకుండా, ఉన్నచోటే బస్తీ సంఘాలతో కూర్చుని పనులు చేయించిన పద్ధతి అది. దాన్ని మెచ్చుకోవాలి. 1980ల్లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో అదే పని వందల బస్తీలకు పాకింది, ఆపై విశాఖపట్నం, విజయవాడలకూ వెళ్లింది. సందులకు సిమెంటు, మురుగు కాల్వలు, వీధి దీపాలు వచ్చాయి.

ఆ పనుల కొలతలు మాత్రం 1972లో కేంద్రం తెచ్చిన మురికివాడల పర్యావరణ మెరుగుదల పథకానివి. 30 మీటర్లకో దీపస్తంభం, 20 నుంచి 50 మందికో మరుగుదొడ్డి, 150 మందికో నల్లా. నీళ్లు ఎన్ని గంటలు రావాలో ఆ కొలతల్లో లేదు.

లెక్క వేసి చూస్తే దాని ఫలితం తెలుస్తుంది. మంచి ప్రెషర్ ఉన్నప్పుడు అరంగుళం నల్లా నిమిషానికి పది లీటర్ల దాకా ఇస్తుంది. గంటసేపు వదిలితే 600 లీటర్లు, అంటే 15 లీటర్ల బిందెలు నలభై. 150 మందికి పంచితే మనిషికి నాలుగు లీటర్లు. వీధి నల్లా మీద బతికేవారికి మనిషికి రోజుకు 40 లీటర్లు కావాలని ప్రభుత్వ మాన్యువలే చెబుతుంది. అంత రావాలంటే ఆ నల్లా రోజుకు పది గంటలు ధారగా పోయాలి. హైదరాబాద్‌లో చాలా చోట్ల నీళ్లు వదిలేది రోజు విడిచి రోజు, గంటో గంటన్నరో. లైన్‌లో బిందె బదులు ఇటుక పెట్టి పోవడం, లైన్‌మన్ వాల్వు తిప్పే వేళకు అర్ధరాత్రి లేవడం, ఆడవాళ్లు కూలి పోగొట్టుకోవడం, కొట్లాటలు, అన్నీ ఈ లెక్కలోంచి వచ్చినవే.

పైపులైను చివరి సందుకు ప్రెషర్ అందదు. అందుకని నల్లా కాడను కోసేసి, నేలలో రెండు మూడడుగుల గుంత తవ్వి పైపు మూతిని అందులోకి దించుతారు. ఎత్తు తగ్గితే నీళ్లు దిగుతాయి, ఆ తెలివి సరైనదే. కానీ సరఫరా ఆగాక గుంతలో మిగిలిన నీళ్లలోనే పైపు మూతి మునిగి ఉంటుంది. ఖాళీ అవుతున్న పైపు ఆ మురికిని లోపలికి లాక్కుంటుంది. పక్కింట్లో అరహెచ్‌పీ మోటారు నేరుగా నల్లాకు తగిలిస్తే ఆ లాగుడు ఇంకా ఎక్కువ. పైపు నిండుగా ప్రెషర్‌తో ఉన్నంతసేపు చిల్లు నుంచి నీళ్లు బయటికే పోతాయి, మురుగు రాదు. ఖాళీ గంటల్లోనే ప్రమాదం.

2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి పలువురు చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ తర్వాత పాత పైపులు మార్చడం గురించి చాలా మాట్లాడారు, సరఫరా గంటల గురించి చాలా తక్కువ.

మంజీర నాలుగు దశల్లో, 2004 నుంచి కృష్ణా, ఆపై గోదావరి నీళ్లు నగరానికి వచ్చాయి. 2014 చివర్లో 58వ నంబరు జీవోతో సర్కారు భూముల్లోని 125 గజాల లోపు ఇళ్లకు ఉచిత క్రమబద్ధీకరణ, 2021 జనవరి నుంచి నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచిత నీళ్లు వచ్చాయి. ఇంటింటికీ నల్లా వచ్చింది, వీధి నల్లా దగ్గర బిందెల లైన్ చాలా చోట్ల పోయింది. ఇది చిన్న మార్పు కాదు. అయితే వీధి నల్లా ఉన్నప్పుడు మురుగు కాల్వను దాటేది ఒక్క పైపు. ఇప్పుడు ముప్ఫై ఇళ్లకు ముప్ఫై పైపులు అదే కాల్వలోంచి పోతున్నాయి. జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు మురుగులో నాని బయటి నుంచే తుప్పు పడుతుంది, ముందుగా జాయింటు మర దగ్గర చిల్లు పడుతుంది. గంటలు పెరగలేదు గనుక ఖాళీ పైపులూ అలాగే ఉన్నాయి.

బస్తీ సంఘాలు వెంటనే చేయించుకోగలిగిన పనులున్నాయి. కాల్వ దాటే చోట పైపును మురుగు మట్టం పైకి లేపాలి. అక్కడ జాయింటు లేకుండా ఒకే ముక్క ప్లాస్టిక్ పైపు వేయించాలి. గుంతలు పూడ్చి, నీళ్లు ముందు సంపులోకి పడేలా పెట్టి, మోటారును సంపుకే తగిలించాలి. నీళ్లు వదిలాక మొదటి ఐదు పది నిమిషాలవి తాగడానికి పట్టకూడదు. క్లోరిన్ పరీక్ష లైను మొదట్లో కాకుండా చివరి ఇంట్లో చేయమని అడగాలి. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి, ఓటీ (క్లోరిన్ ఉంటే రంగు మారే ఆర్థోటొలిడిన్ మందు) చుక్కలు వేస్తే నీళ్లు లేత పసుపు తిరగాలి. రంగు రాకపోతే ఆ రోజు నీళ్లు కాచుకుని తాగాలి, ఫిర్యాదులో ఆ సందు పేరు, నీళ్లు వదిలిన వేళ, ఎంతసేపు వచ్చాయో మూడూ రాయాలి.