పదకొండు రోజులు లేని సెప్టెంబరు

1752లో సెప్టెంబరు 2, బుధవారం రాత్రి పడుకున్న ఇంగ్లండు ప్రజలు తెల్లవారి లేచేసరికి తేదీ సెప్టెంబరు 14 అయింది. వారం మాత్రం తప్పలేదు, అది గురువారమే.

ఈ మార్పుకు మూలం జూలియస్ సీజర్ నాటి క్యాలెండరు లెక్కలో ఉంది. అందులో సంవత్సరానికి సగటున 365 రోజుల 6 గంటలు. సూర్యుడు ఒక వసంత విషువం (మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే సమయం) నుంచి మరొక వసంత విషువానికి చేరేందుకు పట్టే సాయన సంవత్సరం అంతకంటే సుమారు 11 నిమిషాలు తక్కువ. ఈ చిన్న తేడా దాదాపు 128 ఏళ్లకు ఒక రోజవుతుంది. అలా పేరుకున్న 10 రోజులను 1582లో పోప్ 13వ గ్రెగరీ తొలగించి, 400తో భాగించబడని శతాబ్ది సంవత్సరాలకు లీపు దినం లేకుండా చేశాడు. ఆ మరుసటి ఏడాదే ఎలిజబెత్ రాణికి గణితవేత్త జాన్ డీ ఇలాంటి సంస్కరణనే సూచించినా, పోప్ మాటను పాటించడం ఇష్టంలేని బిషప్పులు అడ్డుపడ్డారు. ఈలోగా పాత లెక్కలో 1700 లీపు సంవత్సరమై, తేడా 11 రోజులకు పెరిగింది.

మన సంక్రాంతి కూడా నిలకడగా లేదన్నది ఇక్కడ గుర్తుచేసుకోదగినది. అది నక్షత్రాలను ఆధారం చేసుకున్న నిరయన గణితం కాబట్టి, సుమారు 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున, గ్రెగరీ సంస్కరించిన గ్రెగోరియన్ క్యాలెండరులో తర్వాతి తేదీకి జరుగుతూ వస్తోంది.

చివరకు రాజకీయవేత్త లార్డ్ చెస్టర్‌ఫీల్డ్ పూనికతో, ఎర్ల్ ఆఫ్ మాకిల్స్‌ఫీల్డ్, ఖగోళవేత్త జేమ్స్ బ్రాడ్లీ వంటివారి గణిత సహాయంతో పార్లమెంటు ఈ కొత్త లెక్కకు మారేలా చట్టం చేసింది. ఆ చట్టం ఆసియాలోని బ్రిటిష్ ప్రాంతాలకూ వర్తించింది. ఇంగ్లండులో అంతవరకు మార్చి 25న మొదలయ్యే చట్టబద్ధ సంవత్సరాన్ని కూడా అది జనవరి 1కి మార్చింది. స్కాట్లండు ఈ పని 1600లోనే చేసుకుంది. ఫలితంగా 1751కి 282 రోజులే దక్కాయి, 1752కి 355.

నా దృష్టిలో ఈ చట్టంలో మెచ్చుకోదగినది ఖగోళ గణితం కన్నా లౌకికమైన జాగ్రత్త. అద్దెలు, బాకీలు చెల్లించవలసిన గడువు 11 రోజులు ముందుకు రాకూడదనీ, ఎవరూ నిజంగా 21 ఏళ్లు నిండకముందే మేజరు కాకూడదనీ శాసనకర్తలు స్పష్టంగా రాశారు. అందువల్ల "మా పదకొండు రోజులు మాకివ్వండి" అంటూ జనం అల్లర్లు చేశారన్న ప్రచారానికి గట్టి ఆధారం దొరకదు. ఆ నినాదం చిత్రకారుడు విలియం హోగార్త్ 1755 ప్రాంతంలో వేసిన ఎన్నికల వ్యంగ్య చిత్రంలో నేలమీద పడి ఉన్న ఒక బ్యానరుపై కనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో పోటీచేసిన అభ్యర్థుల్లో మాకిల్స్‌ఫీల్డ్ కుమారుడు ఒకడు కనుక, క్యాలెండరు అక్కడ ఎన్నికల వ్యంగ్యానికి పనికివచ్చింది.

పన్నుల లెక్కలోనూ ఇదే మెలకువ కనిపించింది. మార్చి 25తో ముగిసే ఆర్థిక గణన 11 రోజులు జరిగి, ఏప్రిల్ 5తో ముగిసేలా మారింది. నేటికీ బ్రిటన్ వ్యక్తిగత పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలవుతోంది.