హార్డ్ రాక్ శబ్దం ఎక్కడి నుంచి వచ్చింది? కొన్ని అపోహలు - వాస్తవాలు

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక డాబా మీది గదిలో చాలా ఏళ్లుగా గిటారు నేర్పుతున్నాను. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరు అంతకుముందు వయొలిన్‌నో వీణనో పట్టినవాళ్లు. మరికొందరు ఇంజినీరింగ్‌లో చేరాక హాస్టల్ గదిలో, ఎలక్ట్రిక్ గిటార్ల మోతతో, బరువైన డ్రమ్ములతో సాగే హార్డ్ రాక్ విని, ఆ మోత తమ చేతుల్లోంచి ఎప్పుడు వస్తుందా అని ఆరాటపడుతూ వచ్చినవాళ్లు. వీళ్లూ, వీళ్లను దింపడానికి వచ్చే తల్లిదండ్రులూ ఈ సంగీతం పుట్టుక గురించి కొన్ని మాటలను తిరుగులేని సత్యాల్లా చెబుతుంటారు. వినేవాళ్లకు వాటివల్ల పెద్దగా నష్టం లేదు గానీ, వాయించడానికి కూర్చున్నవాళ్లకు మాత్రం అవి అడుగడుగునా అడ్డుపడతాయి. అలా అడ్డుపడేవాటినే ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: మంచి డిస్టార్షన్ పెడల్ కొంటే ఆ శబ్దం దానంతటదే వస్తుంది.

డిస్టార్షన్ పెడల్ అంటే గిటారు శబ్దాన్ని బీటలువారినట్టు మార్చే చిన్న పెట్టె, కాలితో నొక్కేది. ఈ నమ్మకంతో డబ్బు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. కొత్తగా కొన్న పెడల్ మీద గెయిన్ మీటను చివరిదాకా తిప్పి వాయించిన రోజున, కింది వాటా వాళ్లు మిక్సీ పాడైపోయిందనుకుని దాన్ని ఆపడానికి వంటింట్లోకి పరుగెత్తారు.

వాస్తవానికి, బీటలువారిన ఆ శబ్దం పెడళ్లకంటే ముందే, పాడైన సామాన్లలోంచి పుట్టింది. 1951లో అమెరికాలోని మెంఫిస్‌లో ‘రాకెట్ 88’ అనే పాట రికార్డు చేస్తున్నప్పుడు గిటారు యాంప్లిఫయర్ దెబ్బతిని ఉంటే, స్పీకరు కోనులో కాగితాలు కుక్కి పని కానిచ్చారు. 1958లో లింక్ రే అనే అమెరికన్ గిటారిస్టు తన యాంప్లిఫయర్ స్పీకరుకు పెన్సిలుతో చిల్లులు పొడిచాడు. 1964లో కింక్స్ అనే ఇంగ్లండ్ బృందం గిటారిస్టు డేవ్ డేవీస్ తన చిన్న యాంప్లిఫయర్ కోనును బ్లేడుతో చీల్చాడు. వినాయక చవితి పందిట్లో కోను చిరిగిన స్పీకరు మోగితే మనం మైకు సెట్టు వాణ్ని కేకలేస్తాం. వాళ్లేమో ఆ చిరుగులోనే ఒక గొంతు విన్నారు. ఆ దశాబ్దం మొదట్లోనే లండన్ దగ్గర హాన్‌వెల్‌లో డ్రమ్ముల దుకాణం నడిపే జిమ్ మార్షల్, ఫెండర్ బాస్‌మన్ అనే అమెరికన్ యాంప్లిఫయర్‌ను నమూనాగా పెట్టుకుని తన మొదటి యాంప్లిఫయర్‌ను తయారు చేయించాడు. హార్డ్ రాక్‌కు ఇల్లు కట్టిపెట్టినది ఆ పరికరమే.

అయితే ఇల్లు వేరు, అందులో కాపురం ఉండేవాళ్లు వేరు. ఏసీ/డీసీ అనే ఆస్ట్రేలియా బృందం పాటల్లోని గిటార్లను శ్రద్ధగా వింటే మనం ఊహించినదానికంటే చాలా తక్కువ డిస్టార్షన్ ఉంటుంది. ఆ బరువంతా కుడిచేతి దెబ్బలోనూ, దెబ్బకూ దెబ్బకూ నడుమ వదిలిన ఖాళీలోనూ ఉంది. అక్కడ వారి గిటారిస్టు ఆంగస్ యంగ్ వేళ్లలో వినిపించేది 1950ల నాటి అమెరికన్ రాక్ అండ్ రోల్ గిటారిస్టు చక్ బెర్రీయే.

డిస్టార్షన్‌కూ స్వరాలకూ ఉన్న సంబంధాన్ని నాకు స్పష్టంగా చూపించినది గుంటూరు నుంచి వారానికి ఒకసారి వచ్చే ఒక అమ్మాయి. ఆరేళ్లు వయొలిన్ నేర్చుకున్న పిల్ల. హార్డ్ రాక్‌లో తరచూ వాడే రెండు స్వరాల జంట, పవర్ కార్డ్, చూపించగానే ఆమె అడిగిన మొదటి ప్రశ్న, “సార్, ఇందులో గాంధారం ఏది?” అని. లేదమ్మా, షడ్జమం, పంచమం మాత్రమే ఉంటాయన్నాను. ఎందుకు లేదో చెప్పడంకంటే వినిపించడం మేలని, లావు తీగ మీద ఐదో ఫ్రెట్ (మెట్టు), దాని పక్క తీగ మీద ఏడో ఫ్రెట్ నొక్కి మీటమన్నాను. మొదటిది 110 హెర్ట్జ్, రెండోది దాదాపు 165. యాంప్లిఫయర్ బీటలువారినప్పుడు ఈ రెంటి తేడా, కూడికా కూడా శబ్దాలుగా బయటికి వస్తాయి: 55, 275. అవన్నీ 55కు గుణిజాలే కాబట్టి ఒకదాని మీద ఒకటి సర్దుకుని, కింది స్థాయి షడ్జమం ఒకటి ఎవరూ వాయించకుండానే మోగుతుంది. ఇప్పుడు పక్క తీగ మీది వేలిని నాలుగో ఫ్రెట్‌కు జరిపి అంతర గాంధారం పలికించమన్నాను. అది 138.6 హెర్ట్జ్. తేడా 28.6 వస్తుంది, అది దేనితోనూ సరిగ్గా పొసగదు. శబ్దం ఒక్కసారిగా బురదలో దిగబడినట్టయింది. ఆమె ముఖం చిట్లించి వేలు తీసేసింది. తంబురాలో పంచమమూ షడ్జమమూ మాత్రమే ఎందుకు మోగిస్తామో ఆ పిల్లకు ముందే తెలుసు కనుక, మిగతా పాఠం నేను చెప్పనక్కర్లేకపోయింది.

అపోహ: హార్డ్ రాక్ స్వరాలు మన రాగాల నుంచే వెళ్లాయి.

ఈ మాట చెప్పేవాళ్ల అభిమానం నాకు అర్థమవుతుంది, కానీ దాన్ని సమర్థించలేను. హార్డ్ రాక్ గిటారిస్టులు ఎక్కువగా వాడే ఐదు స్వరాలు మన శుద్ధ ధన్యాసివే: షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. మన ఇళ్లలో తెల్లవారుజామున వినిపించే ‘భావములోన’ కీర్తన రాగం అదే. అయినా స్వరాలు ఒకటైనంత మాత్రాన చుట్టరికం కలవదు. ఐదు స్వరాల వరుసలు ప్రపంచంలో అనేక చోట్ల వేటికవిగా ఉన్నాయి. హార్డ్ రాక్‌కు ఇవి అందినది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతి అమెరికా దక్షిణ ప్రాంతంలో పాడుకున్న బ్లూస్ ద్వారా. 1943లో మిసిసిపీ పొలాల నుంచి షికాగో చేరుకున్న మడ్డీ వాటర్స్ లాంటివారు ఆ బ్లూస్‌ను ఎలక్ట్రిక్ గిటారు మీదికి తెచ్చారు. ఆ రికార్డులే ఇంగ్లండ్ కుర్రాళ్ల చేతుల్లో పడ్డాయి.

తేడా ఎక్కడుందో చేతిలోనే తెలుస్తుంది. బ్లూస్ గాంధారం సాధారణ గాంధారానికీ, దానికంటే ఒక మెట్టు పైనున్న అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో నిలుస్తుంది. తీగను కొద్దిగా లాగి అక్కడే వదిలేస్తారు. మన గమకం అలవడిన విద్యార్థులు దాన్ని ఊపుతూ మధ్యమం దాకా తీసుకెళ్లి తిరిగి వస్తారు. విడిగా వింటే అది ఎంతో అందంగా ఉంటుంది గానీ, ఆ పాటలో అతకదు. ఈ ఒక్క అలవాటు మార్చడానికి నాకు నెలలు పడుతుంది.

అపోహ: బ్లాక్ సబ్బత్ వాడినది చర్చి నిషేధించిన దెయ్యపు స్వరం.

1970 ఫిబ్రవరిలో విడుదలైన ఆ ఇంగ్లండ్ బృందం మొదటి ఆల్బమ్, అదే పేరుతో ఉన్న పాటతో మొదలవుతుంది. ఆ పాట మొదట్లో వచ్చే గిటారు వరుసలో మూడే స్వరాలు: షడ్జమం, దాని పై స్థాయి షడ్జమం, ఆ తర్వాత పంచమానికి ఒక మెట్టు కిందుండే ప్రతి మధ్యమం. షడ్జమానికీ ప్రతి మధ్యమానికీ ఉన్న ఆ దూరాన్ని పాత ఐరోపా సంగీత శాస్త్రజ్ఞులు కఠినమైనదని వీలైనంత వరకు తప్పించిన మాట నిజమే. దాన్ని పాడినవాళ్లను శిక్షించారన్నది మాత్రం కట్టుకథ. మనకైతే ఆ ప్రశ్నే రాదు. మన మూల రాగాలైన 72 మేళకర్తల్లో 37వ దాని నుంచి చివరి దాకా 36 రాగాలకు ప్రతి మధ్యమమే ఆధారం. కల్యాణి పాడుతూ ఎవరూ భయపడలేదు. కల్యాణిలో దాని చుట్టూ పంచమం, గాంధారం ఇంటివాళ్లలా ఉండి ఆదరిస్తాయి. ఈ పాటలోనేమో దాన్ని మెల్లగా, ఒంటరిగా, వణికిస్తూ వదిలేశారు. భయం ఆ ఒంటరితనంలోంచి వచ్చినదే గాని స్వరంలోంచి కాదు. అన్నట్టు, ఆ బృందంలో బాస్ వాయించే గీజర్ బట్లర్ ఆ రోజుల్లో ఆంగ్ల స్వరకర్త హోల్స్ట్ రాసిన ‘మార్స్’ అనే ఆర్కెస్ట్రా రచనను తన గిటారు మీద సాధన చేసేవాడు. ఈ పాటకు బీజం అక్కడ పడింది.

అపోహ: డ్రమ్ములంటే బలంకొద్దీ బాదడమే.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. బ్లాక్ సబ్బత్ డ్రమ్మర్ బిల్ వార్డ్, మరో ఇంగ్లండ్ బృందం లెడ్ జెప్లిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్, ఇద్దరూ జీన్ క్రుపా వంటి జాజ్ డ్రమ్మర్లను వింటూ పెరిగినవాళ్లు. అందువల్ల వాళ్ల దెబ్బ ఎంత బరువైనదైనా లోపల జాజ్ నడక కదులుతూనే ఉంటుంది. ఆ నడకను మన భాషలో చెప్పడం తేలిక. ఒక అక్షరాన్ని ‘తకిట’ అని మూడుగా విడదీసి, నడిమి ‘కి’ని మింగేయండి. అదే స్వింగ్. మృదంగం నేర్చుకున్న పిల్లలు దీన్ని ఐదు నిమిషాల్లో పట్టేస్తారు. కంప్యూటర్ డ్రమ్ముల మీద మాత్రమే సాధన చేసినవాళ్లు ప్రతి అక్షరాన్నీ నాలుగు సమభాగాలుగా కోసి, పాటను కవాతు చేసేస్తారు.

జాజ్ బాకీ డ్రమ్ములతోనే తీరిపోలేదు. బ్లాక్ సబ్బత్ గిటారిస్టు, బర్మింగ్‌హామ్‌కు చెందిన టోనీ ఐయోమీ పదిహేడేళ్ల వయసులో ఇనుప రేకుల కర్మాగారంలో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకుని గిటారు వదిలేద్దామనుకున్నాడు. అక్కడి ఫోర్‌మన్ అతనికి జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు దెబ్బతిన్నా జాజ్ గిటారులో దిట్ట అనిపించుకున్నవాడు రైన్‌హార్ట్. ఐయోమీ ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, సన్నని తీగలు వేసుకున్నాడు. 1971 నాటి బ్లాక్ సబ్బత్ మూడో ఆల్బమ్‌కు శ్రుతిని మూడు అరస్వరాలు, అంటే మూడు ఫ్రెట్లంత, దించాడు. తీగల బిగువు తగ్గి వేళ్లకు సుఖం కలిగింది, శబ్దానికి బరువు వచ్చింది.

అపోహ: లెడ్ జెప్లిన్ ‘కశ్మీర్’ పాట మన కశ్మీర్‌ను చూసి కట్టినది.

కాదు. ఆ బృందం గాయకుడు రాబర్ట్ ప్లాంట్‌కు ఆ సాహిత్యం తట్టినది మొరాకో దక్షిణాన, ఎడారి గుండా పోయే తిన్నని రోడ్డు మీద. గిటారిస్టు జిమ్మీ పేజ్ అందులో వాడిన గిటారు శ్రుతిని ప్రచారంలోకి తెచ్చినవాడు డేవీ గ్రాహమ్ అనే ఇంగ్లండ్ జానపద గిటారిస్టు. గిటారు మూడేసి అక్షరాలతో నడుస్తుంటే డ్రమ్ములు నాలుగేసితో నడిచి, పన్నెండుకు ఒకసారి కలుస్తాయి. అయినా మన సంగీతంతో వాళ్లకు పరిచయమే లేదనడం కూడా తప్పే. 1969 నాటి మొదటి ఆల్బమ్‌లోనే ఒక వాద్య రచనకు తబలా సహకారం ఉంది. 1972లో పేజ్, ప్లాంట్ బొంబాయిలో స్థానిక వాద్యకారులతో రికార్డింగు చేశారు కూడా.

అపోహ: శాస్త్రీయ సంగీతానికీ దీనికీ పొత్తు లేదు.

వయొలిన్ విద్యార్థుల తల్లిదండ్రులు అడిగే ప్రశ్న కాబట్టి క్లుప్తంగా చెబుతాను. డీప్ పర్పుల్ కీబోర్డు వాద్యకారుడు జాన్ లార్డ్ 1969లో తన బృందానికీ రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాకూ కలిపి ఒక కచేరీ రచన చేసి లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో వినిపించాడు. అతని హామండ్ ఆర్గన్ మార్షల్ యాంప్లిఫయర్ గుండా గర్జించేది. ఎడ్డీ వాన్ హేలెన్ చిన్నప్పుడు పియానో నేర్చుకున్నవాడు. 1978లో రికార్డుగా వచ్చిన అతని ప్రసిద్ధ గిటారు సోలో నడుమ, వయొలిన్ విద్యార్థులు తలమునకలయ్యే క్రాయిట్సర్ అభ్యాసాల్లో రెండోది ఒక ముక్క వినిపిస్తుంది.

అపోహ: ఇదంతా ఇంగ్లండ్ కుర్రాళ్ల సృష్టి.

మొదటి నుంచీ ఈ మాట నాకు మింగుడుపడదు. చర్చి పాటలను నైట్‌క్లబ్బు వేదికలెక్కించి, తర్వాత ఎలక్ట్రిక్ గిటారు చేతబట్టిన అమెరికా నల్లజాతి గాయని సిస్టర్ రోసెట్టా థార్ప్ 1938 నాటికే రికార్డులిచ్చింది. 1964లో మాంచెస్టర్‌లో, వాడుకలో లేని ఒక రైల్వే స్టేషను ప్లాట్‌ఫారం మీద ఆమె వాయిస్తుంటే ఇంగ్లండ్ టెలివిజన్‌లో చూసింది. 1969లో లెడ్ జెప్లిన్ రెండో ఆల్బమ్ మొదటి పాటలో, బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ రాయగా మడ్డీ వాటర్స్ 1962లో పాడిన పాట సాహిత్యం చాలా వరకు కనిపిస్తుంది. రికార్డు మీద డిక్సన్ పేరు లేదు. 1985లో ఆయన దావా వేశాడు, 1987లో రాజీ కుదిరింది, ఆ తర్వాతే పేరు చేరింది. ఆ బృందం గొప్పదనాన్ని నేను తక్కువ చేయడం లేదు, కానీ ఆ పాట నేర్పేటప్పుడు ముందు మడ్డీ వాటర్స్‌ది వినిపించకుండా గిటారు ముట్టుకోనివ్వను.

జెప్లిన్ 1971 నాటి ‘వెన్ ది లెవీ బ్రేక్స్’ విషయంలోనూ అదే నియమం పెట్టుకున్నాను. గట్టు తెగితే గతేమిటన్నది ఆ పాట సారం. 1927 నాటి మిసిసిపీ వరదల నేపథ్యంలో మెంఫిస్ మిన్నీ, కాన్సాస్ జో మెకాయ్ దంపతులు 1929లోనే దాన్ని రికార్డు చేశారు. జెప్లిన్ రికార్డులో బోనమ్ డ్రమ్ములను ఒక పాత బంగళా మెట్ల కింద పెట్టి, పైఅంతస్తుల నుంచి రెండు మైకులు వేలాడదీసి పట్టారు. అందుకే ఆ దెబ్బ కొండ విరిగిపడ్డట్టు ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్ మునిగినప్పుడు గిటారుతో సహా ఇంట్లో సామాను పోగొట్టుకున్న కుర్రాడొకడు ఇప్పటికీ నా దగ్గర నేర్చుకుంటున్నాడు. వాడికి రెండు రికార్డులూ వరుసగా వినిపించాను. జెప్లిన్‌ది విని డ్రమ్ములు బాగున్నాయన్నాడు. రెండు గిటార్లతో, పెద్ద ఆర్భాటం లేకుండా, చకచకా సాగిపోయే 1929 రికార్డును మాత్రం మళ్లీ పెట్టమన్నాడు. “నీళ్లు వచ్చేటప్పుడు అంత చప్పుడు రాదు సార్, మంచం కిందికి వచ్చేదాకా తెలియలేదు” అన్నాడు. ఇప్పుడు వాడు మిన్నీ గిటారు భాగాన్ని పెడల్ లేకుండా సాధన చేస్తున్నాడు. జెప్లిన్ పాట ఇంకా మొదలుపెట్టలేదు.