మాత్ర ఆపేశాక కూడా బీపీ నార్మల్‌గానే ఉంది కదా, సిస్టర్!

ఈ మాట నెలకు ఎన్నిసార్లు వింటానో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. చెప్పేవాళ్ళ ముఖంలో కాస్త గర్వం కూడా కనిపిస్తుంది, మందు లేకుండానే గెలిచేశామన్నట్టు. మొన్న ఒక పెద్దాయన చెకప్‌కి వచ్చారు. చేతిలో చిన్న నోటుపుస్తకం, అందులో తేదీలవారీగా బీపీ రీడింగులు. "మూడు రోజులు మాత్ర మానేసి మరీ చూశానమ్మా, 126/80 ఉంది. ఇంకెందుకు మింగడమని ఆపేశాను" అన్నారు. అది జరిగి నెలన్నర. ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ. ఆ రోజు మా దగ్గర చూస్తే 178/104. "మీ మిషన్ పాడైందేమో" అన్నారు. రెండో చేతికీ కట్టి చూపించాను.

అంత శ్రద్ధగా రాసుకునే మనిషే ఇలా పొరబడ్డారంటే తప్పంతా ఆయన మీదకి తోసేయలేం. మేం చెప్పే తీరులోనూ లోపం ఉంది. దాని గురించీ చెబుతాను.

అపోహ: బీపీ నార్మల్‌కి వచ్చిందంటే జబ్బు తగ్గినట్టే.

వాస్తవం: నార్మల్‌కి వచ్చింది మాత్ర వల్లే. ఈ సంగతి చెబితే అందరూ తలూపుతారు. అయినా ఆపి చూడాలన్న కోరిక మాత్రం పోదు. అసలు చిక్కంతా ఆ "మూడు రోజుల పరీక్ష"లోనే ఉంది. ఆయన వేసుకునేది ఆమ్లోడిపిన్. రక్తంలో ఆ మందు సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. అంటే మాత్ర మానేసిన మూడో రోజున కూడా మందు ఒంట్లో పనిచేస్తూనే ఉంది. ఆయన కొలుచుకున్నది పాత మాత్రల పుణ్యమా అని అదుపులో ఉన్న బీపీని. అది మెల్లగా పైకి పాకే సమయానికి "బాగానే ఉంది కదా" అని కొలవడం ఆపేశారు.

అన్ని మందులూ ఇంత నెమ్మదిగా దిగవు. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లను (గుండె వేగాన్ని తగ్గించే బీపీ మందులు) ఒక్కసారిగా ఆపేస్తే గుండె వేగం ఎగబాకుతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్ళకు ఛాతీనొప్పి, ఒక్కోసారి గుండెపోటు కూడా రావచ్చు. క్లోనిడిన్ అనే ఇంకో బీపీ మందు ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే బీపీ ఎగదన్నే ప్రమాదం ఉంది. వీటిని మానాల్సి వస్తే డాక్టరు మెట్టు మెట్టుగా తగ్గిస్తారు. మీ మాత్ర ఏ రకమో తెలియకుండా ప్రయోగాలు చేయకండి.

"కోర్సు అయిపోయింది కదా!"

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒకావిడను డిశ్చార్జ్ చేస్తూ మందులన్నీ ఒకే కవర్లో పెట్టి ఇచ్చాను. అందులో 5 రోజుల యాంటీబయాటిక్, 30 బీపీ మాత్రలు ఉన్నాయి. "మధ్యలో ఆపకండి, కోర్సు పూర్తి చేయండి" అని చెప్పాను. నా దృష్టిలో ఆ మాట యాంటీబయాటిక్ గురించి. ఆవిడ మాత్రం కవర్లో ఉన్న ప్రతి మందుకీ అదే అన్వయించుకున్నారు. నెల తిరిగేసరికి 30 మాత్రలూ లెక్క తప్పకుండా వేసేసుకుని, కోర్సు పూర్తయిందని ఆపేశారు. మూణ్ణెల్లకు మూతి వంకరపోయి, కుడి చెయ్యి పడిపోయి స్ట్రెచర్ మీద వచ్చారు. "మీరు చెప్పినట్టే చేసింది కదమ్మా" అన్నారు వాళ్ళాయన. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో.

అప్పటి నుంచి బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రల దగ్గర నేను కోర్సు అనే పదమే వాడను. "ఈ షీటు అయిపోయే వారం ముందే ఇంకో షీటు తెచ్చి పెట్టుకోండి" అంటాను.

వార్డులో మేమే నేర్పించే తప్పు ఇంకొకటి ఉంది. మాత్ర ఇచ్చే ముందు బీపీ, నాడి చూస్తాం. డాక్టరు రాసిన హద్దు కంటే తక్కువగా ఉంటే ఆ పూట ఆపి, వారికి చెబుతాం. పేషెంటు అదంతా గమనిస్తూనే ఉంటారు. ఇంటికెళ్ళాక 120/80 కనిపించగానే "సిస్టర్ కూడా ఇలాగే ఆపింది" అని మానేస్తారు. 120/80 ఉంటే మాత్ర తన పని తాను చేస్తోందని అర్థం, ఆపడానికి అది కారణం కాదు. నిలబడగానే కళ్ళు తిరుగుతున్నా, వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా ఊరుకోకుండా ఫోన్ చేయండి. అలాంటప్పుడు కొన్ని మాత్రల్ని డాక్టరే తాత్కాలికంగా ఆపమంటారు.

అన్నట్టు, ఇంట్లో కొలిచేటప్పుడు 5 నిమిషాలు కుదురుగా కూర్చోండి. వీపుకి ఆనుడు, పాదాలు నేల మీద, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ వద్దు. కొలుస్తున్నంతసేపూ మాట్లాడకండి. ఫోన్లో గొడవపడుతూ కొలుచుకుని, ఆ అంకె చూసి మళ్ళీ టెన్షన్ పడేవాళ్ళను చూశాను.

అపోహ: నాకు తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. కాబట్టి బీపీ లేదు.

వాస్తవం: చాలామందిలో బీపీ ఏ లక్షణమూ చూపించదు. మెషిన్ మాటే నమ్మాలి.

అపోహ: ఈ మాత్రలు ఏళ్ళతరబడి వాడితే కిడ్నీలు పోతాయి.

వాస్తవం: ఓపిగ్గా చెబుదామనే కూర్చుంటాను గానీ ఈ పుకారు దగ్గర నాకు చిరాకు ఆగదు. కిడ్నీల్లోని సన్నటి రక్తనాళాల్ని దెబ్బతీసేది అదుపులో లేని బీపీ. షుగర్ ఉండి మూత్రంలో ప్రొటీన్ పోతున్నవాళ్ళకు ఎనలాప్రిల్, లోసార్టాన్ లాంటి బీపీ మాత్రలు రాసేది కిడ్నీని కాపాడటానికే. అవి మొదలుపెట్టాక క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం రక్తపరీక్షలు చేయించుకోవాలి, అంతవరకు నిజం. ఇక్కడ వింతేమిటంటే, కిడ్నీ భయంతో బీపీ మాత్ర మానేసిన మనిషే మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ నెలల తరబడి మింగుతుంటారు, ఎవరినీ అడక్కుండా. బీపీని పెంచేవి, కిడ్నీకి చేటు చేసేవి అవి.

"జీవితాంతం వాడాలా?" అని అడిగేటప్పుడు చాలామంది గొంతు పూడుకుపోతుంది. 40 ఏళ్ళకే ఆ మాట విన్నవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ఆ దిగులు నాకు అర్థమవుతుంది. బరువు తగ్గి, ఉప్పు తగ్గించి, రోజూ నడిచేవాళ్ళలో డాక్టరు డోసు తగ్గించిన సందర్భాలు ఉన్నాయి, పూర్తిగా ఆపినవీ ఉన్నాయి. కాబట్టి ఆ ప్రశ్న అడగడంలో తప్పు లేదు, తప్పకుండా అడగండి. కాకపోతే ఇంట్లో మీకు మీరే జవాబు చెప్పుకోకండి. ఆమ్లోడిపిన్‌తో చీలమండలు వాచినా, ఎనలాప్రిల్‌తో పొడిదగ్గు పట్టుకున్నా అంతే. అవి తెలిసిన ఇబ్బందులే, మార్చడానికి వేరే మందులున్నాయి. ఎనలాప్రిల్ రకం మందుతో పెదాలు, నాలుక, ముఖం వాస్తే మాత్రం ఇంకో మాత్ర వేసుకోకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఇన్సులిన్ మొదలుపెట్టారంటే ఆఖరి దశ అని కాదు. ఆపరేషన్ సమయంలోనో, గర్భంతో ఉన్నప్పుడో కొన్నాళ్ళు వాడి ఆపినవాళ్ళు ఎందరో. కాకపోతే రోజూ ఒకేచోట గుచ్చకండి. అక్కడ గడ్డకట్టి మందు సరిగా ఒంటికి పట్టదు. ఇన్హేలర్‌కి బానిసలైపోరు. స్టెరాయిడ్ ఉన్నదైతే పీల్చాక నోరు పుక్కిలించండి, అంతే. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి, ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. పారాసిటమాల్ పెద్దవాళ్ళకు రోజుకు 4 గ్రాములు మించకూడదు, లివర్ జబ్బు ఉంటే ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లో కూడా అదే ఉంటుంది, షీటు వెనక చదవండి. పేరు పక్కన ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ అని ఉన్న మాత్రలను పొడి చేయకండి, రోజంతా మెల్లగా దిగాల్సిన మందు ఒక్కసారే దిగిపోతుంది.

నోటుపుస్తకం పెద్దాయనకు ఇవన్నీ చెప్పలేదు. ఒకేసారి పది చెబితే ఒకటి కూడా గుర్తుండదు. ఆయన మాత్ర గురించి మాత్రమే చెప్పి, "ఇప్పుడు మీరు నాకు చెప్పండి, సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను" అన్నాను. మాత్ర పేరు చెప్పారు, ఎందుకో చెప్పారు, మూడు రోజుల పరీక్ష ఎందుకు మోసం చేసిందో నాకంటే బాగా చెప్పారు. చివర్లో "ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకుంటాను" అన్నారు.

అదే రోజు గుర్తొస్తే వేసుకోండి, మర్నాటికి గానీ గుర్తు రాకపోతే పోయింది పోయినట్టే, ఎప్పటిలా ఒక్కటే. ఆయన పెన్ను తీసి ఖాళీ పేజీలో రాసుకున్నారు. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకున్నాను.