క్రోటన్ మొక్క: అపోహలు - వాస్తవాలు

నర్సరీలో క్రోటన్ కొనుక్కెళ్లిన వారిలో చాలామంది కొన్ని నెలలకు అదే ఫిర్యాదుతో తిరిగి వస్తారు: "రంగంతా పోయిందండీ, ఏ ఎరువు వేయాలి?" మొక్కలో లోపం ఉండదు. లోపమంతా దాన్ని పెట్టిన చోటులోనే ఉంటుంది.

అపోహ: ఎరువు వేస్తే రంగు తేలుతుంది.

రంగు తెచ్చేది వెలుతురు. ఆకులోని పసుపు కెరోటినాయిడ్లు అనే వర్ణకాలది, ఎరుపు ఆంథోసయనిన్‌లు అనే వర్ణకాలది. గది మూలన పెట్టిన మొక్క, దొరికిన కాస్త వెలుతురునూ వాడుకోవడానికి పత్రహరితాన్ని పెంచుకుంటుంది, ఎర్ర వర్ణకం తయారీ తగ్గిస్తుంది. అందుకే కొత్త ఆకులు పచ్చగా వస్తాయి. అప్పుడు యూరియా వేస్తే ఆ పచ్చదనం ఇంకా ముదురుతుంది. దయచేసి వేయకండి. ఉదయపు ఎండ నాలుగైదు గంటలు తగిలే తూర్పు వరండాకు మార్చండి, నెలకోసారి గుప్పెడు వర్మీకంపోస్ట్ వేస్తే చాలు. ఇంకో మాట: చాలా రకాల్లో చిగురు సహజంగానే పచ్చగానో పసుపుగానో వచ్చి, ముదిరేకొద్దీ ఎరుపెక్కుతుంది. రంగు సంగతి తేల్చాలంటే ముదురు ఆకులను చూడండి.

అపోహ: ఎండ ఎంత ఎక్కువైతే అంత మంచిది.

కడియం, కడియపులంక ప్రాంతాల నుంచి వచ్చే మొక్కలు చాలావరకు షేడ్‌నెట్ (నీడనిచ్చే వల) కింద పెరిగినవే. వాటిని మే నెలలో నేరుగా డాబా మీద పెడితే ఆకులపై కాగితంలా ఎండిన గోధుమ రంగు మచ్చలు పడతాయి. ఆ మచ్చలు మళ్లీ మానవు. రెండు వారాలపాటు ఎండను కొంచెం కొంచెంగా అలవాటు చేయండి.

అపోహ: ఇంటికి తెచ్చిన వారానికే ఆకులు రాలితే మొక్క చచ్చినట్టే.

చోటు మారితే క్రోటన్ ఆకు రాలుస్తుంది, అది దాని స్వభావం. కాండాన్ని గోటితో కాస్త గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. కంగారుపడి రోజూ నీళ్లు పోస్తే మాత్రం వేరు కుళ్లి నిజంగానే చస్తుంది. పైమట్టి వేలికి పొడిగా తగిలాకే నీళ్లు పోయండి. కొత్త చిగురు వచ్చేదాకా కుండీ మార్చవద్దు, ఎరువూ వద్దు.

అపోహ: ఇది విషపు మొక్క, ఇంట్లో ఉండకూడదు.

విరిస్తే పాలు కారతాయి. అవి చర్మానికి దురద పుట్టిస్తాయి, నమిలితే నోరు మండుతుంది, వాంతులు కావచ్చు. కత్తిరించేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి. పసిపిల్లలకు, పెంపుడు జంతువులకు అందని చోట ఉంచండి. చాలామంది భయపడే క్రోటన్ నూనె మాత్రం దీనిది కాదు, నేపాళం అనే వేరే మొక్క గింజలది.

అపోహ: ఆకు పాలిపోతే పోషకాల లోపమే.

వేసవిలో ముందు నల్లిని అనుమానించండి (మంచం నల్లి కాదు, ఆకు రసం పీల్చే అతి చిన్న పురుగు). ఆకు కింద తెల్ల కాగితం పట్టుకుని తట్టండి. రాలిన చుక్కలు మెల్లగా నడిస్తే అది నల్లే. ఆకుల అడుగు భాగాన్ని నీటి ధారతో కడిగి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి.

అపోహ: ఒక కొమ్మకు వేరే రంగు వస్తే తెగులు, కోసేయాలి.

ఆకులు ఆరోగ్యంగా ఉంటే కోయవద్దు! క్రోటన్‌లో ఒక్కో కొమ్మ ఇలా తనంతట తాను మారుతుంటుంది. ఉత్త పచ్చగా మారిన కొమ్మను తీసేయవచ్చు, ఎందుకంటే అది బలంగా పెరిగి మిగతావాటిని అణిచేస్తుంది. కొత్త అందం వచ్చిన కొమ్మనైతే గాలి అంటుతో, అంటే కొమ్మ మొక్క మీద ఉండగానే దానికి వేర్లు పుట్టించి, నిలుపుకోండి. విత్తనం వేస్తే తల్లి రంగు వస్తుందన్న నమ్మకం లేదు. వానాకాలంలో పెన్సిల్ మందం కొమ్మపై రెండు సెంటీమీటర్ల వెడల్పున బెరడును ఉంగరంలా తీసి, పాలు తుడిచి, లోపలి జిగురు పొరను గీకేయండి. తడిపి పిండిన స్ఫాగ్నమ్ నాచు (నర్సరీల్లో దొరికే ఎండు నాచు) చుట్టి, పాలిథిన్ కప్పి, రెండు కొసలూ గట్టిగా కట్టండి. సాధారణంగా నెలా నెలన్నరలో పాలిథిన్ లోంచి తెల్లని వేర్లు కనిపిస్తాయి. అవి బాగా అల్లుకున్నాక కట్టు కిందుగా కోసి, కుండీలో నాటి, కొన్నాళ్లు నీడలో ఉంచండి.