మేడ మీద డోమ్ కట్టేముందు ఒక్క నిమిషం

నెలకి ఇద్దరైనా ఫోన్ చేసి అడిగేది ఒకటే, "అన్నా, మేడ మీద డోమ్ వేయాలంటే ఎంతవుతుంది?" టెలిస్కోప్ ఏది ఉందంటే, ఇంకా కొనలేదంటారు.

అపోహ: మేడ మీద గుండ్రటి డోమ్ ఉంటేనే అబ్జర్వేటరీ.

వాస్తవం: డబ్బులు తగలబడేది ఇక్కడే. తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీకి వెళ్లొచ్చినవాళ్లకి ఈ మోజు మరీ ఎక్కువ. అక్కడున్నది 2.34 మీటర్ల అద్దం సార్, మీది ఎనిమిది అంగుళాలు! తిరుపతి ఎండకి పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది, ఆ వేడిగాలి టెలిస్కోప్ ముందునుంచే లేస్తుంది, ఇక శని వలయాలు ఎసట్లో మెతుకుల్లా ఆడుతుంటాయి. ఎవరైనా మెట్లెక్కితే ఆ అదురు కూడా ఐపీసులో, అంటే కన్ను పెట్టి చూసే కటకంలో, కనిపిస్తుంది. నేనూ ఈ తప్పు చేసినవాడినే. మేడ మీద గది కట్టించి, రెండు వేసవులు అద్దాన్ని తిట్టుకున్నాక, ఓ రాత్రి అదే టెలిస్కోప్‌ని చంద్రగిరి దగ్గర మా బావ పెరట్లో పెట్టి చూస్తే శని వలయాల మధ్య ఉండే ఖాళీ, కాసిని డివిజన్ అంటారే, అది సన్నటి నల్లగీతలా తేలింది. "గది కట్టకముందే ఇక్కడికి తెచ్చుండొచ్చు కదా" అంది మా ఆవిడ.

కాబట్టి టెలిస్కోప్ నిలబెట్టడానికి పెరట్లో మూడడుగుల గుంట తీసి కాంక్రీటు దిమ్మె పోయించండి. చుట్టూ ఉన్న గచ్చు దానికి తగలకూడదు, సందులో థర్మకోల్ పెట్టండి. పైన రేకుల కప్పు, దానికి స్లైడింగ్ గేటు చక్రాలు. వెల్డింగ్ అతనికి "కప్పుని గేటనుకో" అంటే చాలు. గాలివానకి ఎగరకుండా కొక్కేలు మరవొద్దు.

అపోహ: ధ్రువ నక్షత్రం కనపడకపోతే అంతా వృథా.

వాస్తవం: టెలిస్కోప్‌ని మోసి తిప్పే స్టాండుని, అంటే మౌంట్‌ని, ధ్రువ నక్షత్రం వైపు గురిపెడతారు, నిజమే. కానీ మనకది 13.6 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, కొండ పక్కన కొన్ని ఇళ్లకి అదీ కొండ వెనకే. టెన్షన్ వద్దు, వేరే నక్షత్రం ఐపీసులో ఎటు జరుగుతుందో చూస్తూ, డ్రిఫ్ట్ పద్ధతిలో మౌంట్ సరిచేసుకోవచ్చు. దక్షిణం గోడ మాత్రం తగ్గించండి, యూరప్‌లో చాలామందికి కనిపించని ఒమెగా సెంటారీ అనే నక్షత్రాల గుంపు మనకి 29 డిగ్రీల దాకా లేస్తుంది.

టెలిస్కోప్ డబ్బా మీద "675 రెట్లు" పెద్దగా చూపిస్తుందని ఉందా? వదిలేయండి. వాస్తు నన్నడగొద్దు.

మొన్న ఒకమ్మ, టెలిస్కోప్‌లో చూస్తే వాళ్లబ్బాయి కళ్లు పోతాయేమోనని ఏడ్చినంత పనిచేసింది. రాత్రి చూస్తే ఏమీ కాదమ్మా. భయమంతా సూర్యుడితోనే. పగలు కప్పు తెరిస్తే టెలిస్కోప్‌కి మూత ఉండాలి, సూర్యుణ్ని చూడాలంటే టెలిస్కోప్ ముందువైపు బిగించే సోలార్ ఫిల్టరే వాడాలి. ఐపీసుకి బిగించే చిన్న నల్ల ఫిల్టర్ వచ్చిందా, ఇవాళే పారేయండి. వేడికి అది పగిలిందంటే కన్ను పక్కకి తీసుకునే టైం కూడా ఉండదు.