పులుసు ముక్కకు పట్టే లెక్క

నెల్లూరు చేపల పులుసు రాత్రి వండి మర్నాడు తింటేనే ఎందుకు అంత బాగుంటుందో శాస్త్రీయంగా వివరించమని కావలి నుంచి ఒక పాఠకురాలు అడిగారు. హోటల్లో అప్పటికప్పుడు వడ్డించే పులుసుకూ, చెరువులో పట్టిన కొర్రమీను తెచ్చుకుని ఇంట్లో వండుకుని మర్నాటి దాకా ఆగి తినే పులుసుకూ పోలికే లేదని ఆమె అభిప్రాయం. చేతి మహిమ అని చెప్పి ఊరుకోవచ్చు గానీ, ఇందులో ఒక చక్కని లెక్క ఉంది. పులుసు పెట్టే విధానం మన వైపు అందరికీ తెలిసిందే కనుక దాని జోలికి పోవడం లేదు.

ముందుగా నీచు వాసన సంగతి చూద్దాం. సముద్రపు చేపల కండలో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. చేప చచ్చిన తరువాత బ్యాక్టీరియా దానిని ట్రైమిథైలమీన్‌గా మారుస్తుంది; మన ముక్కుకు తగిలే నీచు ప్రధానంగా దీనిదే. ఇది క్షారం కనుక పులుపు తగలగానే ఒక ప్రోటాన్‌ను పట్టుకుని విద్యుదావేశం పొందుతుంది, అలా విద్యుదావేశం పొందిన అణువు గాలిలోకి లేవలేదు. దీని పీకేఏ విలువ, అంటే సగం అణువులు ప్రోటాన్‌ను పట్టుకుని ఉండే పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే ఆమ్లత్వపు కొలత), సుమారు 9.8. అంటే పీహెచ్ 7 ఉన్న నీటిలో ఆవిరి కాగల ఒక్కో అణువుకు దాదాపు 630 అణువులు ప్రోటాన్ పట్టుకుని నీటిలోనే ఉండిపోతే, పీహెచ్ 4 ఉన్న పులుసులో ఆ సంఖ్య 6,30,000కు చేరుతుంది. కొర్రమీను మంచినీటి చేప కనుక దానిలో ఈ ఆక్సైడ్ చాలా తక్కువ. పైగా అది గాలి పీల్చి బతకగలదు కాబట్టి బజారులో ప్రాణంతోనే దొరుకుతుంది. ఏ చేపకైనా వాసన విరగడం పొయ్యి మీదే జరిగిపోతుంది. రాత్రంతా పట్టేది పులుపు ముక్క నడిమికి చేరడానికి.

చింతపండు పులుపులో సింహభాగం టార్టారిక్ ఆమ్లానిది. ఈ ఆమ్లం అణువు పులుసులోంచి ముక్కలోకి తిన్నగా నడిచి వెళ్ళదు. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ నాడు జనంలో చిక్కుకున్న మనిషిని ఊహించుకోండి. ఎటు వెళ్ళాలన్న ఉద్దేశం లేకపోయినా ఒకరు తోస్తే ముందుకు, ఇంకొకరు తోస్తే వెనక్కు జరుగుతూ, చాలా సేపటికి మొదట నిలబడిన చోటికి కాస్త ఎడంగా తేలుతాడు. పది అడుగుల ఎడానికి పట్టిన సమయానికి రెట్టింపు సమయం ఇస్తే అతడు ఇరవై అడుగుల ఎడానికి చేరడు. ముందడుగులను వెనకడుగులు కొట్టేస్తుంటాయి కనుక నాలుగింతల సమయం కావాలి. ముప్పై అడుగులకైతే తొమ్మిదింతలు. నీటి అణువుల తోపులాటలో పడిన ఆమ్లపు అణువుకూ ఇదే గతి. పదార్థం వ్యాపించే వేగానికి సూత్రాలను జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ ఫిక్ 1855లో ఇచ్చాడు. కణం జరిగిన దూరపు వర్గం కాలానికి అనులోమానుపాతంలో ఉంటుందని ఐన్‌స్టీన్ 1905లో నిరూపించాడు.

బడిలో వ్యాపనం పాఠం చెప్పేటప్పుడు గదిలో ఒక మూల అగరొత్తి వెలిగించి, గాఢత ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పదార్థం చేరుతుందని నిర్వచనం రాయించి ముగిస్తారు. ఎంతసేపటికి చేరుతుందన్న ప్రశ్న పాఠంలో రాదు. అసలు రసమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ఇప్పుడు దాకలోకి వద్దాం. దూరపు వర్గాన్ని వ్యాపన గుణకానికి (పదార్థం ఎంత చురుకుగా వ్యాపిస్తుందో చెప్పే సంఖ్యకు) రెట్టింపుతో భాగిస్తే కాలం సుమారుగా వస్తుంది. టార్టారిక్ ఆమ్లానికి గది వేడిమి దగ్గర మామూలు నీటిలో ఈ గుణకం సెకనుకు దాదాపు 0.0008 చదరపు మిల్లీమీటర్లు. చేప కండలో పోగులు అడ్డుపడతాయి కనుక 0.0005 అనుకుందాం. కొర్రమీను ముక్క మందం 15 మిల్లీమీటర్లు ఉంటే పులుపు రెండు వైపుల నుంచి 7.5 మిల్లీమీటర్ల చొప్పున ప్రయాణించాలి. 7.5 వర్గం 56.25. దానిని 0.001తో భాగిస్తే 56,250 సెకన్లు, అంటే పదిహేనున్నర గంటలు. రాత్రి తొమ్మిదికి దించిన పులుసు మర్నాడు మధ్యాహ్న భోజనానికి ముక్కకు పడుతుందన్న మాట! ఉప్పు ఆమ్లానికి దాదాపు రెండింతలు చురుకుగా వ్యాపిస్తుంది కనుక రాత్రి తిన్న ముక్కలో ఉప్పు కొంత లోపలికి దిగినా పులుపు మాత్రం పైపైనే ఉంటుంది. అప్పుడే వండిన పులుసులో ముక్క చప్పగా, గుజ్జు పుల్లగా విడివిడిగా తోచడానికి కారణం ఇదే. ఇది మోటు లెక్కే. ఉడికిన చేపలో కండ పొరల మధ్య ఉండే కొల్లాజెన్ కరిగి సందులు ఏర్పడతాయి, వాటిలోంచి గుజ్జు నేరుగా చొరబడుతుంది; మరో వైపు కండలోని ప్రోటీన్లు వచ్చిన ఆమ్లాన్ని పట్టుకుని ఆలస్యం చేస్తాయి. అయినా గంటల లెక్కేగాని నిమిషాల లెక్క కాదన్నది మారదు.

మందం సగమైతే కాలం నాలుగో వంతుకు, అంటే నాలుగు గంటల లోపుకు పడిపోతుంది. సన్నటి బొమ్మిడాయిల పులుసు పొద్దున వండితే మధ్యాహ్నానికే పాకాన పడటంలో వింతేమీ లేదు. కొర్రమీను ముక్కను మందంగా కోయించుకుని అదే రాత్రి తినాలనుకునేవారు వర్గపు సూత్రంతో తగువు పెట్టుకుంటున్నారు.

మట్టి దాక గొప్పతనం గురించి చెప్పేవాటిలో, దాకలోని ఖనిజాలు పులుసులోకి దిగుతాయన్న మాట నాకు అంతగా నమ్మకం కలిగించలేదు గానీ, అది మెల్లగా చల్లారుతుందన్నది మాత్రం ముఖ్యమైన విషయం. 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీరు పలచబడి వ్యాపనం గది వేడిమి కంటే దాదాపు మూడింతల వేగంగా సాగుతుంది. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర గది వేడిమిలోని వేగంలో సగానికి పడిపోతుంది. చల్లారే రెండు గంటల్లో నాలుగు గంటల పని జరిగినా, మిగిలినది ఫ్రిజ్‌లో ఇరవై గంటలకు పైగా సాగుతుంది. కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టిన పులుసు మర్నాటి మధ్యాహ్నానికి కాక రాత్రికి బాగుంటుంది. అలాగని రాత్రంతా బయట వదిలేయమని నా సలహా కాదు. వండిన రెండు గంటలలోపు, మన ఎండాకాలంలో గంటకే, లోపల పెట్టి, తినే ముందు బాగా మరగనివ్వాలి. కానాగంతల విషయంలో ఇంకొంత జాగ్రత్త అవసరం. ఎండలో ఆలస్యమైన ఆ చేపలో బ్యాక్టీరియా వల్ల పుట్టే హిస్టమిన్ (అలర్జీ లాంటి బాధ కలిగించే పదార్థం) ఎంత మరిగించినా పోదు, చింతపండుకూ లొంగదు. చేపలు తిని పెరుగు తింటే బొల్లి వస్తుందని భయపడేవారు ఈ అసలు ప్రమాదాన్ని మాత్రం పట్టించుకోరు. బొల్లి చర్మానికి రంగునిచ్చే కణాలు నశించడం వల్ల వస్తుంది, దానికి పెరుగుతో సంబంధం లేదు.

ఇక పులుసులో పెరటి మామిడికాయ వేసే కాలంలో ఇదే వ్యాపనం ఎదురు దిశలోనూ నడుస్తుంది. కాయ ముక్కలోని సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు ఉడికి తెగిన కణాల్లోంచి గుజ్జులోకి గంటల తరబడి దిగుతూనే ఉంటాయి. రాత్రి సరిపోయిందనిపించిన పులుపు తెల్లారేసరికి ఒక పాలు ఎక్కువవుతుంది కనుక, ఆ రోజుల్లో చింతపండు తగ్గించి నానబెట్టుకుని, చాలకపోతే మర్నాడు మరిగించేటప్పుడు మరికాస్త రసం పిండుకోవడం మేలు.