సెప్టెంబరు గుబులు: బేస్‌బాల్ అభిమానుల భయానికి మూలాలు

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక్కో జట్టు సీజన్‌కు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. మార్చి నెలాఖరున మొదలై సెప్టెంబరు నెలాఖరు దాకా దాదాపు రోజూ ఆటే. ఐదు నెలలు దర్జాగా గెలిచిన జట్టు సెప్టెంబరులో వరసగా నాలుగు ఓడితే చాలు, అభిమానులకు కంటి మీద కునుకుండదు. ఇంకా ముందంజలోనే ఉన్నారు కదా, ఎందుకింత కంగారు అని కొత్తవాళ్లు అడుగుతారు. కానీ ఆ కంగారు ఉత్త పుణ్యానికి వచ్చింది కాదు. తాతలు చూసిన పరాజయాలు మనవల దాకా దిగివచ్చాయి.

ఈ కథను చాలామంది 1951 నుంచి చెబుతారు. ఆగస్టులో 13 ఆటలకు పైగా (రెండు జట్ల గెలుపోటముల తేడాను సగటు చేసి చెప్పే లెక్క ఇది) వెనకబడిన న్యూయార్క్ జెయింట్స్, చివరి 44 మ్యాచ్‌లలో 37 గెలిచి బ్రూక్లిన్ డాడ్జర్స్‌ను అందుకుంది. ఇద్దరూ సమానంగా నిలవడంతో అదనంగా పెట్టిన పోరులో, అక్టోబరు 3న నిర్ణాయక మ్యాచ్‌లో బాబీ థామ్సన్ కొట్టిన హోమ్ రన్‌తో (క్రికెట్ సిక్సర్ లాంటి దెబ్బ) డాడ్జర్స్ ఆశ ముగిసింది. అది జెయింట్స్ గెలుపుగానే ఎక్కువ గుర్తుండిపోయింది.

పూర్తిగా ఓటమిగానే మిగిలిపోయింది 1964 నాటి ఫిలడెల్ఫియా ఫిల్లీస్ కథ. ఇంకో 12 మ్యాచ్‌లు ఉన్నాయనగా ఆ జట్టు ఆరున్నర ఆటల ముందుంది. ఊళ్లో వరల్డ్ సిరీస్ (సీజన్ చివర ఛాంపియన్‌ను తేల్చే పోరు) సందడి మొదలైపోయింది. సెప్టెంబరు 21న సిన్సినాటి రెడ్స్‌తో మ్యాచ్. ఆరో ఇన్నింగ్స్‌లో రెండు జట్లకూ స్కోరు సున్నా. మూడో బేస్ దగ్గర చికో రూయిజ్ ఉన్నాడు, బ్యాట్ పట్టుకుని రెడ్స్ జట్టులోకెల్లా బలమైన ఫ్రాంక్ రాబిన్సన్ నిలబడ్డాడు. అలాంటి బ్యాటర్ ఎదురుగా ఉండగా హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కన ఉండే గడి, అక్కడికి చేరితేనే పరుగు) వైపు పరుగు తీసే సాహసం ఎవరూ చేయరు. రూయిజ్ చేశాడు. బంతి విసిరే పిచర్ తత్తరపడ్డాడు, బంతి గతి తప్పింది, పరుగు వచ్చింది. మ్యాచ్ 1-0తో పోయింది. ఆ తర్వాత ఫిల్లీస్ ఓడుతూనే పోయింది, దానితో కలిపి వరసగా పది మ్యాచ్‌లు.

మేనేజర్ జీన్ మాక్ తన ఇద్దరు మేటి పిచర్లు జిమ్ బన్నింగ్, క్రిస్ షార్ట్‌లను రెండు రోజుల విశ్రాంతితోనే మళ్లీ మళ్లీ బరిలోకి దించాడు. అలసిన భుజంతో వేసిన బంతికి పదును ఎక్కడిది? తప్పంతా ఆయనదే అనడం అన్యాయం కానీ, గ్యాలరీలో ఉండాల్సిన భయం అప్పుడు జట్టు కూర్చునే డగౌట్‌లోకి వచ్చి కూర్చుందని నాకు గట్టిగా అనిపిస్తుంది. చివరికి ఫిల్లీస్ ఒక్క ఆట తేడాతో సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు టైటిల్ వదులుకుంది. 1980 దాకా ఆ జట్టు వరల్డ్ సిరీస్ గెలుపు ఎరగలేదు. 1978లో 14 ఆటల ఆధిక్యం పోగొట్టుకున్న బోస్టన్ రెడ్ సాక్స్‌దీ ఇదే బాధ.

1964 రోజుల్లో మేజర్ లీగ్‌లోని రెండు లీగుల్లో ఒక్కోదాని విజేత ఒక్కటే ముందుకు, అంటే వరల్డ్ సిరీస్‌కు వెళ్లేది. 1969లో లీగ్‌ను భాగాలు చేస్తూ డివిజన్లు, 1995 సీజన్ నుంచి వైల్డ్ కార్డ్ (డివిజన్ గెలవని జట్టుకు దక్కే చోటు), 2012లో రెండో వైల్డ్ కార్డ్ వచ్చాయి. 2022 నుంచి ఒక్కో లీగ్‌లో ఆరు జట్లకు సీజన్ తర్వాతి పోరులో చోటుంది. దీంతో భయం తగ్గాలి కదా? పెరిగింది. పూర్వం ఐదారు స్థానాల్లో ఉన్న జట్ల అభిమానులు సెప్టెంబరులో నిశ్చింతగా ఉండేవారు. ఇప్పుడు వాళ్లూ లెక్కలు వేసుకుంటున్నారు. ఐపీఎల్ చివరి వారంలో మన జట్టు గెలవాలి, ఫలానా జట్టు ఓడాలి అని మనం పడే యాతన వాళ్లకు నెల పొడుగునా ఉంటుంది. న్యూయార్క్‌కూ ఫిలడెల్ఫియాకూ నడుమ, న్యూజెర్సీలో పెరుగుతున్న తెలుగు పిల్లలకు ఈ యాతనలు రెండూ తెలిసే అవకాశముంది.

పైగా ఏ జట్టుకు ఎంత శాతం అవకాశముందో రోజూ లెక్కగట్టి చూపిస్తారు. 2011 సెప్టెంబరు మొదట్లో రెడ్ సాక్స్‌కు 99 శాతానికి పైగా అన్నారు. ఆ నెలలో జట్టు 7 గెలిచి 20 ఓడింది. ఆఖరి రాత్రి తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బాల్టిమోర్ చేతిలో ఓడిన కొద్ది నిమిషాలకే, 7-0తో వెనకబడిన టాంపా బే రేస్ యాంకీస్‌పై గెలిచి రెడ్ సాక్స్ చోటు లాగేసుకుంది.

న్యూయార్క్ మెట్స్ అభిమానులది వీళ్లందరికంటే లోతైన గాయం. 2007లో 17 మ్యాచ్‌లు మిగిలి ఉండగా ఏడు ఆటల ముందున్న జట్టు వాటిలో 12 ఓడింది. చివరి రోజున ఫ్లోరిడా మార్లిన్స్‌పై టామ్ గ్లావిన్‌ను దించారు. అదే ఏడాది ఆగస్టులో 300వ విజయం అందుకున్న మహా పిచర్ ఆయన. ఒక్కరిని మాత్రమే ఔట్ చేసి ఏడు పరుగులు ఇచ్చుకున్నాడు. మరుసటి ఏడాదీ చివరి రోజున మార్లిన్స్ చేతిలోనే ఓడి మెట్స్ ఇంటిదారి పట్టింది.

2025లో జులైలో క్లీవ్‌లాండ్ కంటే పదిహేనున్నర ఆటలు ముందున్న డెట్రాయిట్ టైగర్స్ డివిజన్‌ను ఆ జట్టుకే వదులుకుంది. కాకపోతే వైల్డ్ కార్డ్ వాళ్లను నిలబెట్టింది. మెట్స్‌కు ఆ భాగ్యమూ లేదు. జూన్ నడుమ దాకా బేస్‌బాల్ మొత్తంలో అగ్రస్థానంలో ఉన్న ఆ జట్టు, సెప్టెంబరు 28న మయామీలో మళ్లీ అదే మార్లిన్స్‌పై 4-0తో ఓడింది. పోటీలో ఉన్న సిన్సినాటి రెడ్స్ కూడా ఆ రోజు ఓడిపోయింది. ఇద్దరివీ 83 విజయాలే. 2022 నుంచి సమానంగా ఉన్న జట్ల మధ్య అదనపు మ్యాచ్ లేదు, సీజన్‌లో పరస్పరం ఆడిన మ్యాచ్‌లను చూస్తారు. రెడ్స్‌తో ఆడిన ఆరింటిలో మెట్స్ గెలిచింది రెండే.